అప్పుని అప్పుతో భాగిస్తే ఆస్తి ఎలా అవుతుంది?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది మౌలాలి. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను, కాబట్టి అంకెలంటే భయపడేవాడిని కాదు. మా బాబు ఏడో తరగతి, ఇంగ్లీష్ మీడియం. మొన్న పూర్ణ సంఖ్యల మీద స్లిప్ టెస్ట్ పెడితే 20కి 9 వచ్చాయి. పేపర్ చూస్తే (−36) ÷ (−9) కి −4 అని రాశాడు, ఇంకోచోట −8 − 4 కి 12 అని రాశాడు. ఇదేంట్రా అంటే "రెండు మైనస్‌లు ప్లస్ అయితయని సార్ చెప్పిండు" అంటాడు. మరి మొదటి లెక్కలో ఎందుకు కాలేదంటే ఏడుపు మొహం. ట్యూషన్ సార్‌ని అడిగితే ఒక చార్ట్ ఇచ్చి, రూల్ బట్టీ పట్టించండి, అదే వస్తుందన్నారు. నేనే కూర్చోబెట్టి మైనస్ అంటే అప్పు, ప్లస్ అంటే ఆస్తి అని మొదలుపెట్టాను. "అప్పుని అప్పుతో భాగిస్తే ఆస్తి ఎట్లయితది డాడీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 0 ÷ (−6) కి 'నాట్ డిఫైన్డ్' అని రాస్తే అది కూడా తప్పు కొట్టారు. అదెందుకో చెప్పండి. ట్యూషన్ మార్చమంటారా? — ఒక తండ్రి, మౌలాలి

జవాబు: అన్నా, ముందు మీ వాడిని ఏమీ అనకండి. అప్పుని అప్పుతో భాగిస్తే ఆస్తి ఎలా అవుతుందని అడిగాడంటే వాడి బుర్ర సరిగ్గానే పనిచేస్తోంది. చార్ట్ గడగడా అప్పజెప్పి 20కి 20 తెచ్చుకున్న పిల్లల్లో చాలామందికి ఆ అనుమానమే రాదు. రాకపోతే ఇప్పుడు బాగానే ఉంటుంది, తొమ్మిదో తరగతిలో బీజగణితం ముదిరాక అసలు సంగతి బయటపడుతుంది.

రూల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. భాగించే సంఖ్యకీ, భాగింపబడే సంఖ్యకీ ఒకే గుర్తు ఉంటే జవాబు ప్లస్, వేరువేరు గుర్తులుంటే జవాబు మైనస్. గుణకారానికీ ఇదే, భాగహారానికీ ఇదే. మీ చార్టులో ఉన్నది కూడా ఇంతే, అందులో తప్పేమీ లేదు. కానీ చార్టులు గోడ మీద ఉంటాయి, పరీక్ష హాల్లో ఉండవు. గుర్తుపెట్టుకున్నది టెన్షన్‌లో తారుమారైతే సరిచూసుకోవడానికి వాడి దగ్గర ఇంకేమీ లేదు, ఇదీ అసలు ఇబ్బంది. కాబట్టి వాడి ప్రశ్న దగ్గరికే వద్దాం.

భాగహారం గుర్తు ఒకటే అయినా దాంతో మనం చేసే పనులు రెండు. పన్నెండు లడ్డూలు నలుగురికి పంచితే తలా మూడు. అదే పన్నెండు లడ్డూలని డబ్బాకి నాలుగు చొప్పున సర్దితే మూడు డబ్బాలు. రెండు చోట్లా 12 ÷ 4 = 3 అనే రాస్తాం, కానీ మొదటి 3 లడ్డూలు, రెండో 3 డబ్బాలు. ఒకటి పంచడం, ఇంకోటి ఎన్నిసార్లు పడుతుందో చూడటం. బడిలో మూడో తరగతిలో ఈ రెండూ చెప్తారు, తర్వాత ఎవరూ ఎత్తరు, మైనస్‌లు వచ్చేసరికి దీని అవసరం మళ్ళీ పడుతుంది.

ఇప్పుడు మీ దుకాణం లెక్కే తీసుకుందాం. సరుకు పంపే పార్టీకి మీరు 36,000 రూపాయలు బాకీ ఉన్నారనుకోండి, మీ వైపు నుంచి అది −36,000. ఒక్కో లోడు ఉద్దెరకి తెచ్చినప్పుడల్లా ఖాతాలో −9,000 పడింది. ఎన్ని లోడ్లు తెచ్చినట్టు? నాలుగు. ఈ ప్రశ్నే (−36,000) ÷ (−9,000). మైనస్ ముప్పై ఆరు వేలల్లో మైనస్ తొమ్మిది వేలు ఎన్నిసార్లు పడతాయి అని అడుగుతున్నాం, నాలుగుసార్లు అని జవాబు చెప్తున్నాం. ఆ నాలుగు రూపాయలు కావు, ఆస్తి అంతకన్నా కాదు, లోడ్లు. బాకీ ఎక్కడికీ పోలేదు, మీరింకా ముప్పై ఆరు వేలు కట్టాల్సిందే. మీ వాడు ఆ 4 పక్కన రూపాయలు ఊహించుకున్నాడు, అందుకే నాలుగు రూపాయలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయా అని బిత్తరపోయాడు. పక్కన 'లోడ్లు' అని రాయించండి, వాడే నవ్వుతాడు.

అదే బాకీని తొమ్మిది మంది భాగస్తులు సమానంగా నెత్తిన వేసుకుంటే తలా ఎంత? (−36,000) ÷ 9 = −4,000. ఇది పంచడం. అప్పుని పంచితే వచ్చేది అప్పే, ఇందులో ఎవరికీ అనుమానం రాదు. రెండూ ప్లస్‌లైతే అది రోజూ చేసే మామూలు భాగహారం, దాని గురించి మాట్లాడటానికేమీ లేదు.

ప్లస్, మైనస్ గుర్తులు కలిసే తీరు నాలుగు రకాలు, ఇప్పటికి అందులో మూడు అయిపోయాయి. అందరూ గింజుకునే మైనస్‌ని మైనస్‌తో భాగించే లెక్క ఈ మూడింట్లోనే ఉంది చూడండి. దానికి చిన్నప్పటి 'ఎన్నిసార్లు పడుతుంది' అన్న ఆలోచన సరిపోయింది. నన్నడిగితే అసలు కొరుకుడుపడనిది నాలుగోది, 36 ÷ (−9). ఎవరూ దాని గురించి అడగరు, మైనస్ ఒక్కటే ఉంది కాబట్టి జవాబు మైనసే అయ్యుంటుందిలే అని దాటేస్తారు. ఆగి ఆలోచిస్తే పంచడమూ కుదరదు, ఎన్నిసార్లో చూడటమూ కుదరదు. 36 లడ్డూలని మైనస్ తొమ్మిది మందికి ఎలా పంచుతాం? తొమ్మిదేసి వేల ఉద్దెరలు ఎన్ని పోగేస్తే చేతిలో ముప్పై ఆరు వేల నగదు తేలుతుంది? ఎన్ని పోగేసినా తేలదు. అప్పు, ఆస్తి కథ ఇక్కడితో చేతులెత్తేస్తుంది. మీరు ఆ కథతో మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కోవడంలో వింతేమీ లేదు.

దీనికి కాలం కావాలి, ముందుకీ వెనక్కీ నడిచే కాలం. మన గండిపేట చెరువునే తీసుకోండి, కాగితాల మీద ఉస్మాన్ సాగర్. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేశాక కట్టడం మొదలెట్టి 1920లో పూర్తిచేసిన జలాశయం. దాని పూర్తి మట్టం 1,790 అడుగులు, వానాకాలంలో టీవీ కింద స్క్రోలింగ్‌లో ఈ అంకె మీరూ చూసే ఉంటారు. లెక్క కోసం ఎండాకాలం అనుకుందాం, నీళ్ళు నెలకి రెండడుగుల చొప్పున తగ్గుతున్నాయనుకుందాం (నిజం తగ్గుదల ఇంతేనని కాదు, అంకెలు సులువుగా ఉండాలని). తగ్గుతున్నాయి కాబట్టి నెలకి −2. ఈరోజు మట్టం 1,784. ఈరోజుని సున్నా అనుకోండి, ఈరోజు మట్టాన్నీ సున్నా అనుకోండి.

మట్టం ఇంకా ఆరడుగులు కిందికి, అంటే 1,778కి ఎప్పుడు వస్తుంది? (−6) ÷ (−2) = 3. మూడు నెలల తర్వాత. ఇప్పుడు తిప్పి అడగండి: ఈరోజు కంటే ఆరడుగులు పైన, అంటే నిండుగా 1,790 ఎప్పుడు ఉంటుంది? మీ వాడు వెంటనే అంటాడు, "తగ్గుతుంటే పైకెట్లుంటది, అంతకుముందు ఉండె" అని. అదే జవాబు. 6 ÷ (−2) = −3. మైనస్ మూడు నెలలు, అంటే మూడు నెలల కింద. వాడు నోటితో చెప్పిన 'అంతకుముందు' అన్నదే కాగితం మీద మైనస్ అయి కూర్చుంది. నేను చాలామంది పిల్లలకి ఈ చెరువు లెక్కే చెప్తాను. పైన, కింద, ముందు, తర్వాత అని నాలుగు వైపులా వాళ్ళకి ముందే తెలుసు. మనం కొత్తగా నేర్పేది గుర్తు పెట్టడం ఒక్కటే.

అయితే ప్రతి లెక్కకీ చెరువు దగ్గరికి పోలేం కదా. పరీక్షలో (−84) ÷ 7 అని ఉత్త అంకెలే ఇస్తారు. అప్పుడు కావలసింది చిన్నప్పటి ఎక్కాల అలవాటు. 36ని 9తో భాగించమంటే మనం లోపల చేసే పనేంటి? తొమ్మిదో ఎక్కంలో ముప్పై ఆరు ఎక్కడుందని వెతుకుతాం, తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు అనుకుని 4 రాస్తాం. భాగహారం ప్రతిసారీ తిరగేసి అడిగిన గుణకారమే. మైనస్‌లు వచ్చినా పని మారదు, ఎక్కం మాత్రం మైనస్ తొమ్మిదో ఎక్కం అవుతుంది.

(−36) ÷ (−9) అంటే, మైనస్ 9ని దేంతో గుణిస్తే మైనస్ 36 వస్తుంది? మీ వాడు −4 అన్నాడు. సరే, గుణించి చూడమనండి. (−9) × (−4) = +36. మనకి కావలసింది −36. ట్యాలీ కాలేదు. 4తో చూడమనండి: (−9) × 4 = −36. అయింది. మీ దుకాణంలో సాయంత్రం గల్లా డబ్బు, పుస్తకం ట్యాలీ కాకపోతే షట్టర్ దించరు కదా, ఇది కూడా ఆ పద్ధతే. జవాబు రాశాక పక్కన పెన్సిల్‌తో గుణకారం రాసి ట్యాలీ చూడటం, పది సెకన్ల పని. నా అభిప్రాయంలో ఈ ఒక్క అలవాటు చార్ట్ కంటే నయం, ఎందుకంటే చార్ట్ మరిచిపోతే వాడి చేతిలో ఏమీ మిగలదు, ఈ అలవాటుంటే గుర్తు తప్పు పడ్డా వాడికే దొరికిపోతుంది.

ఇక్కడ మీ వాడు అడ్డం తిరిగి, (−9) × (−4) మాత్రం +36 ఎందుకు కావాలి అనొచ్చు. అనాలి కూడా. నేనిందాక అది తెలిసినట్టే వాడేశాను. ఒక కాగితం మీద మైనస్ తొమ్మిదో ఎక్కాన్ని పైనుంచి కిందికి రాయించండి, కాకపోతే పెద్దదాన్నుంచి చిన్నదానికి. −9 మూడుసార్లు −27, రెండుసార్లు −18, ఒకసారి −9, సున్నాసార్లు 0. జవాబులు ఒక్కో మెట్టుకీ ఏమవుతున్నాయి? తొమ్మిది చొప్పున పెరుగుతున్నాయి. ఇప్పుడు సున్నా దాటి −1కి వెళ్తే? వరస చెడిపోవడానికి కారణమేమీ లేదు, ఇంకో తొమ్మిది పెరిగి +9. −2కి 18, −3కి 27, −4కి 36.

ఇది చూస్తే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. వరస అలా ఉందని మాత్రాన ముందు కూడా అలాగే ఉండాలా అని అడిగే ఘనులు కొందరుంటారు, మీ వాడి వాలకం చూస్తే ఆ బాపతే అనిపిస్తోంది, వాళ్ళకోసం ఇంకోటి. 4, −4 కలిపితే సున్నా. −9ని సున్నాతో గుణిస్తే సున్నా. అంటే (−9) × 4 నీ (−9) × (−4) నీ కలిపితే సున్నా రావాలి. మొదటిది −36, నాలుగు లోడ్ల ఉద్దెర, అందులో గొడవ లేదు. మరి దానికి ఏం కలిపితే సున్నా అవుతుంది? +36 ఒక్కటే. ఇక ఎవరూ ఏమీ కిందామీదా చేయడానికి లేదు. మైనస్ మైనస్ ప్లస్ అని ఎవరో పెద్దమనిషి కూర్చుని నిర్ణయించలేదు, అలా కాకపోతే మిగతా లెక్కలన్నీ కూలిపోతాయి.

సరే, ఇప్పుడు −8 − 4 = 12 దగ్గరికి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది నిజానికి ఇదే. భాగహారంలో గుర్తు తప్పడం చిన్న రోగం. గుణకారం రూల్ తెచ్చి కూడికల్లో పెట్టడం ఊళ్ళో పిల్లలందరికీ పాకే రోగం, దానికి కారణం 'రెండు మైనస్‌లు ప్లస్' అన్న పొట్టి మాట. ఎక్కడ, ఏం చేస్తే అన్నది అందులో లేదు. −8 − 4 లో గుణించడమూ లేదు, భాగించడమూ లేదు. సున్నాకి ఎడమవైపు 8 గడుల దూరంలో నిలబడి ఇంకో నాలుగు గడులు ఎడమకే నడిచాడు, −12 దగ్గర తేలతాడు. ఎనిమిది వేల ఉద్దెర మీద ఇంకో నాలుగు వేలు ఉద్దెర పెడితే దుకాణదారు మీకే పన్నెండు వేలు ఇస్తాడా అని అడగండి వాడిని.

దీంతో పాటు −8 − (−4) కూడా ఇచ్చి చూడండి. ఇది −4, ఎందుకంటే నాలుగు వేల బాకీని తీసేశారు, కొట్టేశారు. ఇక్కడ రెండు మైనస్‌లు పక్కపక్కన వచ్చి ప్లస్‌గా మారాయి నిజమే, కానీ జవాబు మైనస్సే. పాపం పిల్లలు తికమకపడేది ఇందుకే, ఒకే పొట్టి మాట ఒకచోట పనిచేస్తుంది, పక్కనే చెయ్యదు. మీ ఇంట్లో ఇవాళ్టి నుంచి ఆ మాటని నిషేధించండి. దాని బదులు పూర్తిగా, 'మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్, మైనస్‌ని మైనస్‌తో భాగిస్తే ప్లస్' అని అనిపించండి. పొడుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

సున్నా విషయంలో టీచర్ తప్పు కొట్టడం సరైనదే. మైనస్ 6ని దేంతో గుణిస్తే సున్నా? సున్నాతో. (−6) × 0 = 0, ట్యాలీ అయింది. కాబట్టి 0 ÷ (−6) = 0, దానికి ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. 'నాట్ డిఫైన్డ్' అన్నది తిరగేసి ఉన్నప్పుడు, అంటే (−6) ÷ 0. సున్నాని దేంతో గుణిస్తే −6 వస్తుంది? ప్రపంచంలో ఏ సంఖ్యతో గుణించినా రాదు, అందుకే దానికి జవాబు లేదంటాం. రెండింట్లో ఏది ఏదో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదని గమనించారా, అదే ట్యాలీ ఇక్కడ కూడా చెప్పేసింది.

ఈ సున్నా దగ్గర పెద్దపెద్దవాళ్ళే తడబడ్డారు లెండి. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు, ఇప్పటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్ ఆయన ఊరు. ధనాన్ని ధనంతో భాగించినా ఋణాన్ని ఋణంతో భాగించినా ధనం, ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే ఋణం అని అందులో ఉంది, అంటే మీ ట్యూషన్ సార్ చార్ట్ దాదాపు 1,400 ఏళ్ళనాటిది. తెలుగు మీడియం పుస్తకాల్లో ధన పూర్ణ సంఖ్యలు, రుణ పూర్ణ సంఖ్యలు అని మనం చదువుకున్నది ఆ మాటలతోనే. అంతటి ఆయన సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా రాశాడు, దాన్ని ఇప్పటి గణితం ఒప్పుకోదు. ఆ తర్వాత తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు కూడా గుర్తుల నియమాలు చెప్పాడు, ఆయన గణితసారసంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మీ వాడికి ఇవన్నీ చెప్పక్కర్లేదు, 'నాట్ డిఫైన్డ్' దగ్గర తప్పుపోయింది నువ్వొక్కడివే కాదని చెప్తే చాలు.

ఇంకో రెండు చిన్న విషయాలు, పరీక్షల్లో మార్కులు పోయేది వీటి దగ్గరే కాబట్టి. భిన్నంలా రాసినప్పుడు మైనస్ పైన ఉన్నా, కింద ఉన్నా, గీత ముందు ఉన్నా విలువ ఒకటే: −36 కింద 9, 36 కింద −9, రెండూ −4. పైనా కిందా రెండుచోట్లా ఉంటేనే ప్లస్. ఇక వరసగా భాగించే లెక్కలు. (−48) ÷ (−4) ÷ (−2) అని ఇస్తే ఎడమనుంచి వెళ్ళాలి, ముందు 12, తర్వాత 12 ÷ (−2) = −6. కొందరు పిల్లలు చివర్లో ఉన్న రెండింటినీ ముందు చేసేస్తారు, అప్పుడు (−48) ÷ 2 = −24. గుర్తు కూడా అదే వచ్చింది కాబట్టి తప్పని అనుమానం కూడా రాదు. గుణకారంలో ఏది ముందు చేసినా నడుస్తుంది, భాగహారంలో నడవదు.

మీరు దుకాణంలో ఎక్సెల్ వాడితే మీకో విషయం, ఇది మీ వాడికి కాదు, మీకే. నిశ్శేషంగా పోని మైనస్ భాగహారాల్లో కంప్యూటర్లు తమలో తామే ఒప్పుకోవు. −7ని 2తో భాగించి పూర్ణ సంఖ్య మాత్రమే చెప్పమంటే, ప్రోగ్రాములు రాసే భాషల్లో పైథాన్ −4 అంటుంది, సి, జావా −3 అంటాయి. ఎవరూ తప్పు కాదు. పైథాన్ శేషం 1 అంటుంది, 2 × (−4) + 1 = −7. జావా శేషం −1 అంటుంది, 2 × (−3) − 1 = −7. ఎవరి లెక్క వాళ్ళకి ట్యాలీ అవుతుంది. ఎక్సెల్‌తోనే తంటా, అందులో క్వోషెంట్ ఫంక్షన్ −3 ఇస్తుంది, మాడ్ ఫంక్షన్ శేషం 1 ఇస్తుంది, ఈ రెండింటినీ కలిపి వాడితే 2 × (−3) + 1 = −5 అయి కూర్చుంటుంది. రిటర్న్ సరుకునో బాకీలనో మైనస్‌లో పెట్టి డబ్బాల లెక్క, విడి పీసుల లెక్క తీసేటప్పుడు ఇది కొంప ముంచుతుంది. క్వోషెంట్ బదులు మామూలుగా భాగించి దానికి ఇంట్ ఫంక్షన్ పెట్టండి, అది −4 ఇస్తుంది, మాడ్‌తో సరిపోతుంది.

మళ్ళీ మీ వాడి దగ్గరికి. వాడికి ఉత్త అంకెలు విసుగొస్తే జేఈఈ మెయిన్ మార్కుల లెక్క ఇవ్వండి, మన ఊళ్ళో ఆ పేరు వినని ఏడో తరగతి పిల్లాడు ఉండడు. ఒప్పుకి 4, తప్పుకి −1. ఒకడికి 10 ఒప్పయ్యాయి, మొత్తం 32 వచ్చాయి, ఎన్ని తప్పులు చేశాడు? ఒప్పులకి 40 రావాలి, 32 వచ్చాయంటే తప్పుల ఖాతాలో −8. (−8) ÷ (−1) = 8 తప్పులు. అప్పుని అప్పుతో భాగిస్తే ఏమొస్తుందో ఇక్కడ వాడికి మళ్ళీ కనిపిస్తుంది, తప్పుల సంఖ్య వచ్చింది. ఇలాంటివి ఒకటి రెండు మీరు చెప్పాక మూడోది వాడినే తయారుచేయమనండి, మైనస్‌ని మైనస్‌తో భాగించేలా. కథ అల్లగలిగాడంటే వాడికి వచ్చేసినట్టే. ప్లస్‌ని మైనస్‌తో భాగించే కథ అల్లమంటే మాత్రం కొంచెం సమయం ఇవ్వండి, పెద్దవాళ్ళకే ఒక పట్టాన తట్టదు, మీరూ ప్రయత్నించి చూడండి.

ట్యూషన్ మార్చాలా అన్నారు. ముందు ఆ స్లిప్ టెస్ట్ పేపర్‌నే ఇంకోసారి తీయండి. (−36) ÷ (−9) కి −4 రాశాడంటే 4 వచ్చింది, ఎక్కం తెలుసు, పోయింది గుర్తు ఒక్కటే. −8 − 4 కి 12 రాసినచోట కూడా అంతే, 12 వచ్చింది, గుర్తు పోయింది. మిగతా తప్పులు కూడా ఇలాగే ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూడండి. అన్నీ గుర్తుల తప్పులే అయితే ట్యూషన్ మార్చేంత పెద్ద విషయం కాదిది, ఆ సార్ దగ్గరికే వెళ్ళి, ఒక్క వారం చార్ట్ పక్కనపెట్టి ప్రతి భాగహారం కింద గుణకారం రాయించమని అడగండి. మంచి మనిషైతే చేస్తారు, అంత టైమ్ లేదంటే అప్పుడు మార్చే ఆలోచన చేయండి. ఒకవేళ పేపర్లో 7 × 8 దగ్గరా, 6 × 9 దగ్గరా కూడా తప్పులున్నాయంటే కథ వేరు, అప్పుడు మైనస్‌ల జోలికి వెళ్ళకుండా ముందు ఎక్కాలు, రాత్రి అన్నం తినేముందు పది నిమిషాలు, అది మీరే చెప్పించుకోవచ్చు.